మాల్‌లో ఆటల గది నాణెం వేసి ఆడే వీడియో గేమ్‌కన్నా ముందే పుట్టింది

సంపాదకులకు నమస్కారం.

మాళ్లలోని గేమ్ జోన్లపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివించింది. అయితే 1980లో పాక్‌మ్యాన్ అనే వీడియో గేమ్ వచ్చాకే అమెరికా మాళ్లలో ఆర్కేడ్లు, అంటే నాణెం వేసి ఆడే యంత్రాల గదులు, మొదలయ్యాయని అందులో రాయడం సరికాదు. జూల్స్ మిల్‌మన్ అనే వ్యాపారి ఇలినాయ్ రాష్ట్రంలోని హార్వీలో ఒక పెద్ద మాల్‌లో ఆటల గది తెరిచింది 1969లో. అటారీ కంపెనీ వారి వీడియో గేమ్ పాంగ్ బయటికొచ్చింది 1972లో. అప్పటికి నాణెం వేసి ఆడే ఆటలంటే బంతిని కొట్టి పాయింట్లు సాధించే పిన్‌బాల్ బల్లలు, మోటార్లతో, రిలేలనే విద్యుత్ స్విచ్‌లతో నడిచే తుపాకీ గురి ఆటల వంటివే.

పిన్‌బాల్‌కు ఆనాడు మంచి పేరు లేదు. న్యూయార్క్ నగరం దాన్ని జూదంగా పరిగణించి 1942లో నిషేధించింది, 1976 దాకా ఆ నిషేధం తొలగలేదు. అటువంటి యంత్రాలను పిల్లాపాపలతో జనం వచ్చే చోటికి తెచ్చిన మిల్‌మన్, తన గదిలో పొగతాగడం, తినడం, తాగడం కుదరదని కట్టడి చేసి, ఎల్లవేళలా సిబ్బంది కాపలా ఉండేలా చూశాడు. ఆర్కేడ్ మాల్‌లో నిలదొక్కుకున్నది ఈ నిర్వహణ వల్లనే తప్ప ఏదో ఒక ఆట మహిమ వల్ల కాదని నా అభిప్రాయం. మిల్‌మన్ సంస్థను 1974లో పిన్‌బాల్ తయారీదారు బ్యాలీ కొన్నది. అదే అలాదీన్స్ క్యాజిల్ పేరుతో ఊరూరి మాళ్లకూ విస్తరించింది. పాక్‌మ్యాన్‌ను రూపొందించిన నామ్‌కో దాన్ని కొనుక్కున్నది 1993లో మాత్రమే.

పెద్దలు వెంట లేని పిల్లలను గేమ్ జోన్లలోకి రానివ్వకూడదని వ్యాసకర్త సూచించారు. ఇదీ కొత్త ఆలోచన కాదు. పదిహేడేళ్ల లోపువారు తల్లిదండ్రులో సంరక్షకులో వెంట లేకుండా ఇలాంటి యంత్రాలపై ఆడరాదని టెక్సాస్‌లోని మెస్కీట్ నగరం నిబంధన పెడితే, అలాదీన్స్ క్యాజిల్ కోర్టుకెక్కింది. అప్పీలు కోర్టు ఆ వయోపరిమితిని కొట్టివేసింది. ఆ తీర్పుకు ఆధారం టెక్సాస్ రాజ్యాంగమో, దేశ రాజ్యాంగమో తేల్చాలంటూ 1982లో అమెరికా సుప్రీంకోర్టు కేసును వెనక్కి పంపింది. ఒక్క ఆటల గది కోసం వ్యవహారం అంతదాకా వెళ్లింది!

మా ఊరి మాల్‌లో నేను చూసిన గేమ్ జోన్‌లో కార్డు రీఛార్జి చేసే కౌంటర్ దగ్గర ఇద్దరు కూర్చుంటే, పిల్లలు ఎగబడుతున్న యంత్రాల దగ్గర ఒక్కరూ లేరు. వయసు నిబంధన కోరేముందు, లోపల చూసుకునే మనుషులు ఎందరుండాలో ముందుగా అడగడం మంచిది. మాల్‌లో ఆర్కేడ్ మొదలైన సంవత్సరాన్ని సవరించి ప్రచురించవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హనుమకొండ