లా లైబ్రరీ మరమ్మతుల నిధి: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన అనంతపురం లాయర్లకు, గుమాస్తాలకు, పాతతరం వకీళ్ళ కుటుంబాలకు కమిటీ నమస్కారాలు. ముందు లెక్క. మొత్తం జమ రూ. 2,70,900. ఖర్చు రూ. 2,57,650. నిల్వ రూ. 13,250. అందులో 12,100 బ్యాంకులో, 1,150 కోశాధికారి దగ్గర ఉన్నాయి.

జమలో 1,86,500 ప్రాక్టీసులో ఉన్న లాయర్లు ఇచ్చినవి. గుమాస్తాలు, కోర్టు బయట కూర్చునే టైపిస్టులు, స్టాంపు వెండర్లు కలిసి 14,200 ఇచ్చారు. వీళ్ళను మేం అడగనేలేదు. పాతతరం లాయర్ల పిల్లలు, మనవళ్ళు 62,000 పంపారు. విరిగిన బీరువాలు, పాత పేపర్లు అమ్మితే 6,340 వచ్చింది. బ్యాంకు వడ్డీ 1,860.

ఇక అసలు గొడవకు వద్దాం. "ఫొటోలకని వసూలు చేసి బైండింగుకు తగలేశారు" అని బార్ రూములో వినబడుతోంది. ఫొటోలంటే లైబ్రరీలో పెట్టిన పాతతరం వకీళ్ళవి. వాటికి అయింది 12,600, పాత పుస్తకాల బైండింగుకు 65,720. చందాలు అడిగిన కరపత్రంలో రెండు పనులూ ఉన్నాయి, జనానికి గుర్తుండిపోయింది ఫొటోలే.

మద్రాసు హైకోర్టు తీర్పులను అచ్చువేసే ఇండియన్ లా రిపోర్ట్స్ మద్రాసు సీరీస్ 1876 నుంచి వస్తోంది. మన దగ్గరున్న పాత సంపుటం తీసి బల్ల మీద పెడితే తోలు అట్ట ఎర్రటి పొడిగా చేతులకు అంటుకునేది. వీపు ఊడి దారాలు వేలాడేవి. కొన్నింట్లో అప్పటి వకీళ్ళు మార్జిన్లలో పెన్సిలుతో రాసుకున్న నోట్సు ఉంది. అంచులు కోస్తే అది కాస్తా పోతుంది. అందుకే కోయకుండా చేత్తో కుట్టమన్నాం. పుస్తకానికి 310 చొప్పున 212 పుస్తకాలు చేయించాం. బేరమాడలేదని అనకండి, బైండరు ముందు చెప్పింది 400.

"అన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి కదా" అనే కుర్ర లాయర్లకు ఒక మాట. గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైంది 1954 జూలై 5న. అంతకుముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులు మన హైకోర్టుకూ శిరోధార్యమేనని 1955లోనే ఫుల్ బెంచ్, అంటే ఎక్కువమంది జడ్జీలు కలిసి కూర్చున్న ధర్మాసనం, తేల్చింది. ఇనాం భూమి, దత్తత, కాలవ గట్టు తగాదా, ఏ సివిల్ దావా తవ్వినా ఆ తీర్పుల దగ్గరికి వెళ్ళాల్సిందే. ఫోన్లో దొరికే కాపీలో పేజీ నంబరు తప్పుంటే జడ్జి గారి ముందు నిలబడేది మీరే.

ఫొటోలు మూడు పెట్టాం. మొదటిది గుత్తి వకీలు, దివాన్ బహదూర్ కేశవపిళ్ళె గారిది. దీని మీద ఎవరికీ పేచీ లేదు. ఆయన 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెస్ సభకు వెళ్ళారు. 1893 అక్టోబరు 4న గుంతకల్లు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళను కాపాడబోయి రైల్వే గేటుమాన్ హంపన్న తెల్ల సోల్జరు తుపాకికి బలైనప్పుడు, ఆ సంగతిని పత్రికకెక్కించి లోకానికి చాటింది ఆయనే. ముద్దాయి మద్రాసు హైకోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు. హంపన్న సమాధి రాయి మాత్రం నిలిచింది. అదీ కొందరు అభిమానులు వేయించిందే.

మిగతా ఇద్దరి మీద వాదోపవాదాలు బాగా జరిగాయి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912), తాడిపత్రిలో పుట్టిన రాఘవాచార్యులు, అంటే మన బళ్ళారి రాఘవ. మేనమామ, మేనల్లుడు ఇద్దరూ వకీళ్ళే, ఇద్దరూ నాటకాలతోనే పేరు తెచ్చుకున్నారు. "ప్రాక్టీసు బళ్ళారిలో చేశారు, మనకెందుకు?" అన్నారు కొందరు. 1882 దాకా బళ్ళారి, అనంతపురం ఒకే జిల్లా. పుట్టింది ఇద్దరూ ఈ గడ్డ మీదే. కమిటీకి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది. దామోదరం సంజీవయ్య గారు ఈ ఊళ్ళోనే కాలేజీ చదివారు కాబట్టి ఆయన ఫొటో కూడా పెట్టాలన్నారు. ఆయన 1950లో వకీలుగా నమోదై ప్రాక్టీసు మొదలుపెట్టింది మద్రాసులో. ఆయనంటే గౌరవం లేక కాదు, ఈ వరసకు అది కుదరలేదు.

కొత్త పుస్తకాలకు 38,450 అయింది. 2024 జూలై 1 నుంచి పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, దాని తోటి రెండు చట్టాలు అమల్లోకి వచ్చాయి కాబట్టి తప్పలేదు. అలాగని పాత పీనల్ కోడ్ అమ్మేయమన్న సలహాను ఒప్పుకోలేదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు ఇంకా అదే వర్తిస్తుంది.

అద్దాల బీరువాలు నాలుగు, 58,000. స్లాబు కారుతున్న చోట పూత 31,000, చెదల మందు 7,500, స్కానరు 22,000. రసీదు పుస్తకాలు, ఆటో, హమాలీ కలిపి 3,480. ఫొటోల ఆవిష్కరణ సభకు షామియానా, టిఫిన్లు, ఫ్లెక్సీ కలిపి 18,900. ఇది ఎక్కువేనని కమిటీలోనే ఇద్దరు అసమ్మతి రాశారు, వాళ్ళ నోటు మినిట్స్ పుస్తకంలో ఉంది.

వోచర్లన్నీ లైబ్రేరియన్ దగ్గర ఉన్నాయి, కోర్టు పనివేళల్లో ఎవరైనా చూడవచ్చు. రసీదు అందనివాళ్ళు కౌంటరు ఫాయిలు నంబరు అడిగి తీసుకోండి. నిల్వ ఉన్న సొమ్ముతో ఇంకో 40 పుస్తకాలు బైండింగ్ చేయించవచ్చు. ప్రివీ కౌన్సిల్ (తెల్లవాళ్ళ కాలంలో లండన్లో ఉన్న ఆఖరి అప్పీలు కోర్టు) అప్పీళ్ళ సంపుటాలు ముందు చేయిద్దామని మా ఉద్దేశం. అభ్యంతరం ఉంటే నెలాఖరులోగా రాసి ఇవ్వండి, నోటిమాటగా చెబితే లెక్కలోకి తీసుకోం.