మా గ్రూపు వాళ్లందరికీ కృతజ్ఞతలు

క్యాన్సర్ ఉన్నవాళ్లం ఒకచోట కూర్చుని, థెరపిస్టు సాయంతో మనసులో మాటలు చెప్పుకునే మా గ్రూపు థెరపీ ఈ నెలతో ముగిసింది. ఒకరికొకరం చెప్పుకోవాల్సినవి అక్కడే చెప్పుకున్నాం. కానీ నలుగురిలో చెప్పాల్సిన కృతజ్ఞత మిగిలిపోయింది.

నాకు రొమ్ము క్యాన్సర్, ఎముకల దాకా పాకింది. నొప్పికి మాత్రలు ఉన్నాయి, పనిచేస్తాయి కూడా. అయినా రాత్రిపూట నడుములో పోటు మొదలైతే చాలు, ఇది రోజూ వచ్చేదేనా, జబ్బు ఇంకోచోటికి పాకిందా అని గుండెదడ. భయపడేకొద్దీ ఒళ్లు బిగుసుకుపోయేది, బిగుసుకునేకొద్దీ నొప్పి పెరిగేది. ఇంట్లోవాళ్లు "ధైర్యంగా ఉండు" అనేవారు. ప్రేమతోనే అనేవారు, కానీ ఆ మాట విన్నాక నాకిక నోరు పెగిలేది కాదు.

సున్నా నుంచి పది వరకు నొప్పికి నంబరు చెప్పడం మాకందరికీ అలవాటే. "మరి భయం ఎంత?" అని అడిగింది మాత్రం ఒక్క నర్సమ్మే. నన్ను ఈ గ్రూపుకి పంపింది కూడా ఆవిడే. అమ్మా, ముందుగా మీకు నమస్కారం.

వారానికోసారి గంటన్నర కూర్చునేవాళ్లం. ఒకరోజు ఒక పెద్దావిడ, "నాకు చావంటే భయం లేదు, దానికి ముందు పడాల్సిన నొప్పంటేనే భయం" అంది. "అలా అనకండి" అని ఎవరూ అడ్డుపడలేదు. థెరపిస్టుగారు మాట మార్చలేదు, "ఏ నొప్పి గురించి ఎక్కువ ఆలోచిస్తున్నారు?" అని అడిగారు. ఆవిడ చెప్పింది, తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత నేను. నొప్పి ముదిరితే డాక్టరుగారిని ఏం అడగాలి, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి అన్నదాకా వెళ్లింది మాట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

మాలో ఒకరు మధ్యలోనే కన్నుమూశారు. ఆ వారమంతా ఆమె గురించే మాట్లాడుకున్నాం, ఏడ్చాం. రేపు నా గురించీ ఇలాగే మాట్లాడుకుంటారు కదా అనిపించి, చిత్రంగా, మనసు కుదుటపడింది.

చివరి కొన్ని నిమిషాలు కళ్లు మూసుకుని స్వీయ హిప్నాసిస్ చేయించేవారు. నొప్పి ఉన్నచోట చల్లదనమో, వెచ్చదనమో, తిమ్మిరో ఊహించుకోవాలి. నాకు చల్లదనం పనిచేసింది, నా పక్కన కూర్చునే అక్కకి వెచ్చదనం. మాత్ర వేసుకుని అది పట్టేలోపు ఇప్పటికీ చేస్తున్నాను.

ఈ గ్రూపు థెరపీ ఆయుష్షు పెంచుతుందని థెరపిస్టుగారు ఆశపెట్టలేదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో డేవిడ్ స్పీగెల్ అనే మానసిక వైద్యుడి బృందం 1989లో ప్రచురించిన అధ్యయనంతో అలాంటి ఆశ పుట్టిందనీ, 2001లో కెనడాలో 235 మంది మహిళలతో చేసిన అధ్యయనంలో ఆయుష్షు పెరగలేదనీ దాచకుండా చెప్పారు. అయితే ఆ రెండో దాంట్లోనూ నొప్పి, దిగులు విషయంలో గ్రూపుకి వెళ్లినవాళ్ల పరిస్థితి మెరుగ్గా ఉంది, మొదట్లో ఎక్కువ బాధపడుతున్నవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకే మీ మీద నాకు అంత గురి కుదిరింది సార్.

గ్రూపులోని అక్కలకు, అన్నలకు, మమ్మల్ని దింపి బయట ఓపిగ్గా కూర్చున్న ఇంటివాళ్లకు పేరుపేరునా ధన్యవాదాలు.

క్యాన్సర్‌తో ఉండి, ఇలాంటి గ్రూపుకి వెళ్లాలా వద్దా అని టెన్షన్ పడుతున్నవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి. మందులు మాత్రం ఆపకండి. మీ ఆసుపత్రిలో మానసిక సహాయం ఎవరు చూస్తారో అడగండి. మొదటి రోజు నోరు విప్పకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.