అమ్మా, ఆ సోయా డబ్బా సంగతి

యొకొహామా,
ఆదివారం రాత్రి

అమ్మా,

ఫోన్‌లో చెబితే "సరేలే, అన్నం తిన్నావా" అని మాట మార్చేస్తావు. అందుకే రాస్తున్నాను. మా ఆఫీసులో మలక్‌పేట అబ్బాయి శుక్రవారం హైదరాబాద్ వస్తున్నాడు, అతని చేతికిస్తాను. చిన్నోడితో చదివించుకోకు. కళ్లజోడు పెట్టుకుని నువ్వే చదువు.

ఉద్యోగం బాగానే ఉంది. పని ఎక్కువ, అంతే. చలి తగ్గింది.

మొన్న మాటల్లో మాటగా అన్నావు చూడు, థైరాయిడ్ మాత్ర 50 నుంచి 75 చేశారని. కూరలో ఉప్పు ఎక్కువైందన్నంత తేలిగ్గా చెప్పేశావు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దసరాకి వచ్చినప్పుడు ఆ సోయా పొడి డబ్బా కొనిపెట్టింది నేనే కదా. రోజూ పొద్దున అది పాలలో కలుపుకుని, ఆ పాలతోనే మాత్ర మింగుతున్నావని నాకేం తెలుసు? "పరగడుపునే వేసుకుంటున్నా, పాలేగా" అంటావు. సోయా ఆ మందును ఒంటికి సరిగ్గా పట్టనివ్వదమ్మా. పాలూ, కాఫీ కూడా అడ్డమే. మాత్ర ఒట్టి నీళ్లతో వేసుకుని, గంట ఆగి టిఫిన్ తిను. సోయా తినాలనిపిస్తే మధ్యాహ్నమో రాత్రో తిను. థైరాయిడ్ టెస్టులో చూసే ఆ టీఎస్‌హెచ్ పెరిగింది మాత్ర చాలక కాదేమో, మింగింది ఒంటబట్టకేమో! డాక్టర్‌గారికి ఈ పాల సంగతి చెప్పావా? చెప్పి ఉండవు. ఇప్పుడు పద్ధతి మారిస్తే 75 ఎక్కువ కూడా కావచ్చు. అలాగని నీ అంతట నువ్వు తగ్గించుకోకు. వెళ్లి ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పు.

నేనేమీ గాలిమాట నమ్మి కొనలేదు. రోజుకు 25 గ్రాముల సోయా ప్రొటీన్ గుండెకు మంచిదని డబ్బాల మీద రాసుకోవచ్చని 1999లో అమెరికాలో ఆహారం, మందుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏనే ఒప్పుకుంది. ఆ ఎఫ్‌డీఏనే 2017లో, రుజువులు అంత గట్టిగా లేవు, ఆ అనుమతి వెనక్కి తీసుకుంటామని ప్రతిపాదించింది. నేను మొదటిది చదివి రెండోది చదవలేదు. చెడ్డ కొలెస్టరాల్ తగ్గేమాట నిజమేనట, కాకపోతే మూడు నాలుగు శాతం. దానికోసం నువ్వు ముక్కు మూసుకుని ఆ పాలు తాగాలా?

ఇక్కడ జపాన్‌లో సోయా లేని పూట లేదు. పొద్దున పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో సూప్ అంటే మన చారు లాగే, గిన్నెడు తాగితే ప్రాణం లేచొస్తుంది. నట్టో మాత్రం నా వల్ల కాలేదు. పులిసిన సోయా గింజలు, చాప్‌స్టిక్‌తో ఎత్తితే బెండకాయ జిగురులా తీగలు సాగుతాయి, వాసన సంగతి రాయను. సోయా పాలతో పన్నీరులా చేసే టోఫు బాగా అలవాటైంది. నువ్విచ్చిన గోంగూర పచ్చడి అడుగున కొంచెం మిగిలితే, టోఫు ముక్కలు వేయించి, కరివేపాకు తాలింపు పెట్టి అందులో కలిపాను. నవ్వకు, రెండుసార్లు వడ్డించుకున్నా. ఫిబ్రవరిలో సెట్సుబున్ అని ఒక పండగ వస్తుంది. వేయించిన సోయా గింజలు గుమ్మంలోంచి విసురుతూ "దయ్యాలూ బయటికి పోండి" అంటారు. అచ్చం నానమ్మ దిష్టి తీసినట్టే. తర్వాత ఎవరికి ఎన్నేళ్లుంటే వాళ్లు అన్ని గింజలు తినాలి. ఇరవై తొమ్మిది లెక్కపెట్టుకుని తిన్నాను, ఒక్కదాన్నే. పెళ్లి మాట ఇప్పుడు ఎత్తకు.

వీళ్లు తినేది గింజగానో, టోఫుగానో, ఇంత చేపతో, కూరతో. మనం డబ్బా కొని మందులా తాగుతున్నాం. అదే నాకు నచ్చట్లేదు.

చిన్నోడు మీల్‌మేకర్ తింటే మగతనం పోతుందని జిమ్‌లో ఎవరో అన్నారని కూర పక్కకు తోసేస్తున్నాడట. ఆ గొడవ పరిశోధకులు ఎప్పుడో తేల్చేశారు, మామూలుగా తింటే మగ హార్మోన్ తగ్గదు. సోయాలో ఉండే ఐసోఫ్లేవోన్లనే పదార్థాలు ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్‌ని పోలి ఉంటాయంతే, అవే ఈస్ట్రోజన్ కావు. నూనె తీశాక మిగిలిన సోయా పిండితో చేసేదే మీల్‌మేకర్, ఎండువి 100 గ్రాముల్లో సగం ప్రొటీనే. వందలు పోసి పౌడర్లు కొనే బదులు అది తినమను.

అసలు భయపడాల్సింది నాన్న గురించి. బీపీ ఉండి, సందు చివర బండి దగ్గర ఫ్రైడ్ రైస్‌లో "ఇంకొంచెం సాస్ వెయ్ భయ్యా" అంటారు చూడు! ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లో రెండు గ్రాముల పైనే ఉప్పుంటుంది. రోజంతటికీ ఐదు గ్రాములు దాటకూడదు. నేను రాశానని చెప్పకు, అలుగుతారు.

ఆ అబ్బాయితో మళ్లీ గోంగూర పంపు. నూనె పైకి తేలేలా పోసి, మూత మీద టేపు చుట్టు. పోయినసారి సూట్‌కేసులో నా తెల్ల చున్నీ పోయింది.

ఆరు వారాలయ్యాక టెస్టు చేయిస్తారుగా, రిపోర్టు చిన్నోడితో ఫొటో తీయించి పంపు. నాన్న తీస్తే సగం ఆయన వేలే ఉంటుంది.

నీ చిట్టి