వాన రోజు డ్యూటీ, బతుకమ్మ సెలవులు: తల్లిదండ్రులకు నాలుగు మాటలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వానలు మొదలైనప్పటి నుంచి రోజూ పొద్దున ఆరు కాకముందే నాకు ఫోన్లు వస్తున్నాయి. "మేడం, కలెక్టర్ గారు సెలవు ఇచ్చిండ్రట, మా బిడ్డను పంపాల్నా వద్దా?" అని. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే మా నర్సింగ్ స్కూల్లో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివే పిల్లల తల్లిదండ్రులందరికీ ఒకేసారి రాస్తున్నాను.

సెలవు ప్రకటించిన రోజు క్లాసులు ఉండవు. హాస్టల్లో ఉండే రెండో, మూడో సంవత్సరం పిల్లలకు మాత్రం వార్డు డ్యూటీ ఉంటుంది, ఎందుకంటే ఆ రోజు కూడా ప్రసూతి వార్డులో మంచాలు ఖాళీగా ఉండవు. కాలేజీ బస్సులోనే వెళ్తారు, వెంట ట్యూటర్ ఉంటారు, డ్యూటీ అయ్యాక అదే బస్సులో వస్తారు. ఆటోల్లో పంపం.

ఇంటి నుంచి వచ్చిపోయే పిల్లల సంగతి వేరు. పోయిన వానాకాలం దేవరకొండ దగ్గరి తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి, యూనిఫాం తడవకుండా పాలిథిన్ కవర్లో చుట్టి నెత్తిన పెట్టుకుని, నాన్న చేయి పట్టుకుని మోకాలి లోతు వాగు దాటి వచ్చింది. గడప దగ్గర నిలబడితే ఒళ్లంతా వణుకుతోంది, ఒక చెప్పు వాగులో పోయింది. "ఎందుకొచ్చావమ్మా?" అంటే "అటెండెన్స్ పోతుందని మేడం" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేం అటెండెన్స్ గురించి పదేపదే చెప్పడం వల్లే కదా ఆ పిల్ల వాగులో దిగింది.

కాబట్టి రూల్ ఏమిటో సరిగ్గా చెప్తాను. పరీక్ష రాయాలంటే థియరీలో 80 శాతం, ప్రాక్టికల్‌లో 80 శాతం హాజరు ఉండాలి. డిప్లొమా చేతికి రావాలంటే మాత్రం ప్రాక్టికల్ నూటికి నూరు శాతం పూర్తి కావాలి. అంటే వాన వల్ల పోయిన వార్డు గంటలు మాఫీ కావు, కానీ తర్వాత చేసుకోవచ్చు. ఆదివారాల్లోనో, సెలవుల మొదటి రోజుల్లోనో మేమే పోస్టింగ్ వేసి ఆ గంటలు పూర్తి చేయిస్తాం. దీని గురించి టెన్షన్ పెట్టుకోకండి. వాగు పొంగితే, రోడ్డు మీద నీళ్లు పారుతుంటే, బిడ్డను గడప దాటనివ్వకండి.

ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణాలు ఇంకా ప్రమాదం. 2024 సెప్టెంబర్ 1 ఆదివారమే. ఆ రోజు కోదాడ వైపు వరద వచ్చి హైదరాబాద్-విజయవాడ హైవే మీద బండ్లు ఆగిపోయాయి. అలాంటి రోజు సోమవారం డ్యూటీ కోసం బయల్దేరమని చెప్పకండి. వాన తగ్గాక, మంగళవారమో బుధవారమో పగటిపూట పంపండి.

ఇక బతుకమ్మ. ఈసారి కూడా పిల్లల్ని రెండు బ్యాచులు చేస్తున్నాం. ఒక బ్యాచ్ ఎంగిలిపూల నాటికి ఇంటికి వెళ్లి నాలుగు రోజులు ఉండి వస్తుంది, రెండోది సద్దులకు, దసరాకు వెళ్తుంది. పోయినేడు సద్దులకు వెళ్లినవాళ్లు ఈసారి ముందు బ్యాచ్‌లో ఉంటారు. ఆడబిడ్డ లేని సద్దుల బతుకమ్మ ఇంట్లో ఎంత వెలితిగా ఉంటుందో ఒక తల్లిగా నాకు తెలుసు. అయినా మధ్యలో వచ్చి "ఒక్క రోజు పంపండి మేడం" అని అడగకండి. ఒకరు వెళ్తే ఆ నైట్ డ్యూటీ ఇంకో పిల్ల మీద పడుతుంది, ఆమెకూ ఇంట్లో ఎదురుచూసే అమ్మ ఉంటుంది. ఇక్కడ ఉన్నవాళ్లకు తంగేడు, గునుగు తెప్పిస్తాం, హాస్టల్ వాకిట్లోనే ఆడుకుంటారు, మీరు వచ్చి కలిసి ఆడినా సంతోషమే.

వాన రోజుల్లో పొద్దున ఆరింటికల్లా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడతాం. ఫోన్ నంబర్ మారినవాళ్లు ఈ వారంలోనే వార్డెన్‌కు చెప్పండి. బిడ్డ ఇంటి నుంచి బయల్దేరగానే ఒకసారి, ఇక్కడికి చేరాక ఒకసారి వార్డెన్‌కు ఫోన్ రావాలి. రాకపోతే మేమే మీకు చేస్తాం.

మీ
ప్రిన్సిపాల్, నర్సింగ్ స్కూల్, నల్గొండ