ఇటలీలో అద్దె కారు: ఆ బోర్డు లోపలికి రమ్మని కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

వేసవి సెలవులకి మా వీధిలోనే రెండు కుటుంబాలు ఇటలీ వెళ్తున్నాయి, అక్కడ కారు అద్దెకు తీసుకుని మేమే నడుపుకుంటాం అంటున్నారు. వాళ్లకి చెప్పిన సంగతే మీ పేపరు ద్వారా ఇంకొంతమందికి తెలియాలని రాస్తున్నాను.

నిరుడు మేం నలుగురం పీసా ఎయిర్‌పోర్టులో కారు తీసుకుని ఫ్లోరెన్స్ వెళ్లాం. హోటల్ సాంతా మరియా నొవెల్లా స్టేషన్ దగ్గర. ఫోన్‌లో మ్యాప్ చెప్పినట్టు మలుపులు తిరుగుతూ పోతుంటే ఒక సందు మొదట్లో ఎర్ర అంచు ఉన్న తెల్లటి గుండ్రటి బోర్డు, దాని పక్కన 'వార్కో అత్తీవో' అని వెలుగుతున్న అక్షరాలు కనపడ్డాయి. అత్తీవో అంటే యాక్టివ్ కదా, దారి తెరిచే ఉందనుకుని లోపలికి పోనిచ్చాను. తీరా దాని అర్థం సరిగ్గా తలకిందులు! కెమెరా ఇప్పుడు పనిచేస్తోంది, పర్మిషన్ లేని బండి రాకూడదు అని. 'వార్కో నోన్ అత్తీవో' అని ఉంటేనే వెళ్లొచ్చు. పాత ఊరి నడిబొడ్డున బండ్లు తగ్గించడానికి ఇటలీలో చాలా ఊళ్లలో ఇలాంటి జోన్లు పెట్టారు, జెడ్‌టీఎల్ అంటారు. అక్కడ ఆపే మనిషి ఉండడు, అడ్డంగా గేటూ ఉండదు, కెమెరా నంబర్ ప్లేట్ ఫొటో తీసేస్తుంది, అంతే. సామాను దించి పార్కింగ్ కోసం ఇంకో చుట్టు తిరిగి మళ్లీ అదే సందులోకి వచ్చాను, అది రెండో తప్పు.

ఇంటికొచ్చిన మూడు నెలలకి క్రెడిట్ కార్డు మీద 45 యూరోల చొప్పున రెండుసార్లు పడ్డాయి. జరిమానా అయిపోయిందనుకున్నాం. కాదు, మా పేరు, అడ్రసు అక్కడి పోలీసులకి ఇచ్చినందుకు కారు కంపెనీ తీసుకున్న ఫీజు అది. అసలు జరిమానా నోటీసులు ఆ తర్వాత రిజిస్టర్డ్ పోస్టులో వచ్చాయి, రెండిటికీ విడివిడిగా. విదేశాల్లో ఉండేవాళ్లకి పంపడానికి వాళ్ల చట్టం 360 రోజులు గడువిస్తోంది కాబట్టి, నెలలు గడిచాయి కదా అని నిశ్చింతగా ఉండడానికి లేదు.

తప్పు నాదే, కాదనను. కానీ కౌంటర్లో ఆ అబ్బాయి ఎక్స్‌ట్రా ఇన్సూరెన్స్ అంటగట్టడానికి ఇరవై నిమిషాలు మాట్లాడాడు, టైరు పోతే ఎంత, అద్దం పగిలితే ఎంత అని లెక్కలు కట్టాడు, ఈ జోన్ల గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. కారు నంబరు ముందే ఇస్తే హోటల్ వాళ్లే పర్మిషన్ పెట్టించి ఉండేవాళ్లట! ఆ సంగతి తెలిశాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు.

మన ఆర్టీఏలో ఫారం 4ఏ నింపి ఫీజు కడితే ఏడాది చెల్లే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇస్తారు. ఇటలీలో మన లైసెన్సుతో పాటు అది ఉండాల్సిందే, కౌంటర్లో అడగకపోయినా రోడ్డు మీద పోలీసులు అడగొచ్చు. ఆ పర్మిట్ చేతికిచ్చేటప్పుడే తెలుగులో ఒక్క పేజీ కాగితం కూడా ఇవ్వమని రెండు రాష్ట్రాల రవాణా శాఖలనీ కోరుతున్నాను, ఖర్చేం కాదు. అందులో ఉండాల్సినవి ఇవి: జెడ్‌టీఎల్ బోర్డు బొమ్మ, దాని అర్థం. డిపాజిట్‌కి మామూలుగా కారు నడిపేవాళ్ల పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి (మా ఫ్రెండ్ డెబిట్ కార్డు తీసుకోలేదు, ఖాతాలో బోలెడు డబ్బున్నా). కారు తీసుకునేటప్పుడు, తిరిగిచ్చేటప్పుడు నాలుగు వైపులా వీడియో. ఇంకోటి, అక్కడి బంకులో 'గసోలియో' అంటే పెట్రోల్ కాదు, డీజిల్! పెట్రోల్‌ని 'బెంజినా' అంటారు. పేరు చూసి పొరపాటున కొట్టించుకుంటే ఇంజిన్ రిపేరు మామూలుగా మన నెత్తినే పడుతుంది.

మా వీధి వాళ్లకి ఇవన్నీ రాసిచ్చాను. ఆ సందు మొదట్లో మా అమ్మాయి కారులోంచి తీసిన ఫొటోలో బోర్డు, అక్షరాలు రెండూ స్పష్టంగా ఉన్నాయి. మీరు వేస్తానంటే పంపిస్తాను.

- ఒక పాఠకుడు, కాకినాడ