మేత బీళ్లను మిగల్చండి

సంపాదకులకు నమస్కారం.

నంద్యాల జిల్లా రోళ్లపాడు పక్కన గొర్రెలు మేపుకుని బతికే కుటుంబం మాది. బట్టమేక అనే పెద్ద, బరువైన పిట్ట కోసం 1988లో ఇక్కడ అభయారణ్యం పెట్టారు. విస్తీర్ణం సుమారు 614 హెక్టార్లే. బట్టమేకకైనా కృష్ణజింకకైనా అది చాలదు, కంచె దాటి మా మేత బీళ్లలోకి రావాల్సిందే.

చిన్నప్పుడు ఒకసారి నాన్న మందను ఉన్నట్టుండి పక్కకు మళ్లించాడు. ఎందుకా అని చూస్తే, గరుసు నేల మీద, గూడంటూ లేకుండా ఒకే ఒక్క బట్టమేక గుడ్డు. ఆ పిట్ట మామూలుగా ఏడాదికి పెట్టేది అదొక్కటే. నాన్న ఆ నెలంతా గొర్రెలను అటు తోలలేదు.

ఇప్పుడు ఆ బీట్లో హద్దురాళ్లు పాతారు. రికార్డులో ‘బంజరు’ అని ఉంటే చాలు, ప్లాట్లకో సోలార్‌కో ఇచ్చేయొచ్చు అనుకుంటున్నారు. మా గొర్రెలు తినేది ఆ బంజరు గడ్డే కదండీ! సోలార్ వద్దని నేను అనను. కానీ కరెంటు తీగలు బట్టమేకకు యమపాశాలు. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, ఎదురుగా ఉన్న తీగ సరిగ్గా కనబడదు. కనబడేసరికి అంత బరువైన పిట్ట తప్పుకోలేదు. దేశం మొత్తంలో ఇవి 200 లోపే మిగిలాయి.

గ్రామసభ ఒప్పుకోకుండా మేత పోరంబోకును ఎవరికీ కేటాయించొద్దు. అభయారణ్యం చుట్టూ తీగలు వేయక తప్పకపోతే భూమిలోంచి వేయండి. వానలు పడి గడ్డి మొలిచేలోపు అధికారులు ఒక్కసారి మా బీళ్లకు వచ్చి చూడాలని వేడుకుంటున్నాను.

– ఒక గొర్రెల కాపరి కొడుకు, మిడుతూరు మండలం