పాత వాల్వు రేడియోల సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంగతి బుడమేరు వరదతోనే మొదలుపెట్టాలి. సెప్టెంబరు 1న సింగ్ నగర్ మునిగినప్పుడు మన సభ్యుల వాల్వు సెట్లు, అంటే గాజు వాల్వులతో పనిచేసే పాత రేడియోలు, మూడు నీళ్లపాలయ్యాయి. మీ అందరికీ తెలిసిన ఆ టేకు రేడియోగ్రామ్ (రేడియో, రికార్డు ప్లేయరు ఒకే పెట్టెలో ఉండేది) అయితే నాలుగు రోజులు నీళ్లలోనే ఉంది. ఇంటాయన "తూకానికి వేసేస్తానండీ, నాన్నగారి గుర్తుగా డయల్ ఒక్కటి ఉంచుకుంటాను" అన్నారు. వద్దని బతిమాలి మా వరండాకు తెప్పించాను.

వాల్వులకు ఏమీ కాలేదు. గాజు కదా, కడిగి పిన్నులు గీకితే సరిపోయింది. నీళ్లు పీల్చుకున్నది ట్రాన్స్‌ఫార్మర్లలోని కాగితం. నెల రోజులు ఎండలో పెట్టి, తర్వాత పెట్టెలో బల్బు వెలిగించి ఆరబెట్టాం. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పరీక్షకు నిలబడింది. స్పీకరును నడిపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వాల్వుల వైపు చుట్ట, అంటే ప్రైమరీ, తెగిపోయింది. దాన్ని మోటారులా చుడితే కుదరదు. ప్రైమరీని, స్పీకరు వైపు చుట్ట అయిన సెకండరీని వాటాలు వేసి ఒకదాని మీద ఒకటి చుట్టకపోతే పాటలో కంచు తాళాల సన్నటి మోత వినపడదు. ఆటోనగర్ వైండింగ్ మేస్త్రీ గారు రెండుసార్లు విప్పి మూడోసారి కుదిర్చారు. కూలి మాత్రం ఒక్కసారికే తీసుకున్నారు. ఆయనకు సంఘం రుణపడి ఉంది.

కరెంటు మితంగా పోయేలా వరసలో బల్బు పెట్టి (సిరీస్ బల్బు) చూస్తే అంతా బాగానే ఉంది. నేరుగా కరెంటు ఇచ్చిన రెండు నిమిషాలకు ఒక ఈఎల్ 84 అవుట్‌పుట్ వాల్వు ప్లేటు కొలిమిలో ఇనుములా ఎర్రబడింది. అందరికీ ఒకటే టెన్షన్. ఆపి చూస్తే, మార్చకుండా వదిలేసిన మైనపు కండెన్సరు ఒకటి లీకై ముందు స్టేజీ డీసీని ఆ వాల్వులో కరెంటును అదుపు చేసే గ్రిడ్ మీదికి తోస్తోంది. అది మార్చాక శాంతించింది. ఇది 220 ఓల్టుల నాటి సెట్టు. ఇప్పుడు ఇళ్లకు 240 వస్తుంటే ఫిలమెంట్లకు 6.3 బదులు 6.8 పైనే పోతోంది. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఓల్టేజి ఎంచుకునే ట్యాపింగ్ మార్చి దించాం. మనవరాలి కోసం ఫోను పాటలకు వెనక సాకెట్ పెట్టాం. ముందు చెక్క మీద మాత్రం చెయ్యి వేయలేదు.

1948లో మన ఆకాశవాణి కేంద్రం మొదలైన తేదీ, డిసెంబరు 1, ఈసారి ఆదివారం పడింది. ఆ సాయంత్రం లావు సూది బిగించి ఘంటసాల గారి 78 ఆర్‌పీఎం రికార్డు వేశాం. కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. ఇంటాయన పాట అయ్యేదాకా స్పీకరు గుడ్డ మీద చెయ్యి తీయలేదు.

రికార్డు ప్లేయరు ఇచ్చినవారికి, టిఫిన్లు పంపిన అక్కయ్యలకు, కండెన్సర్లు ఏరి తెచ్చిన కుర్రాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు.

ఒక్క మాట బాధతోనే రాస్తున్నాను. ప్రతి ఆదివారం రిపేరు పనికి వస్తామని పేర్లు రాయించినవారు చాలామంది, వచ్చింది నలుగురు. నెలవారీ సమావేశానికి హాలు ఇప్పించమని మూడుసార్లు అర్జీ పెట్టాం. రసీదు కూడా ఇవ్వలేదు.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంచారు. ఆమోదించగలరు.

మిగిలిన రెండు సెట్లు ఇంకా మా వరండాలోనే ఉన్నాయి. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు మొదటిది విప్పుతున్నాం. సోల్డరింగ్ ఐరన్ ఉన్నవారు వెంట తెచ్చుకోండి.

కార్యదర్శి
విజయవాడ